సగం గడ్డం

మా సెలూన్లో మొదటి కుర్చీ వెనక నేల మీద రెండు చెక్కపలకలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మొదటిది వేసి ఆరేళ్లయింది. రెండోది పోయిన ఏడు వేశాను. కొత్తవాళ్లు అడిగితే "నేల చల్లదనం నాకు పడదండీ" అంటాను. పాతవాళ్లు అడిగితే "ఈ వయసులోనైనా కాస్త ఎదుగుదామని" అని నవ్విస్తాను. నిజం ఏమిటంటే నా చేతులు భుజాల కంటే పైకి లేవవు. చేతులు పైకి వెళ్లకపోతే మనిషే పైకి వెళ్లాలి. అందుకని కుర్చీని అడుగంటా దించి, నేను పలకలెక్కి నిలబడతాను.

ఈ పనిలో రోజంతా చేతులు గాల్లోనే ఉంటాయి. బట్టలు కుట్టేవాడికి మిషనుంది, కూరలు తరిగేవాడికి బల్ల ఉంది. మాకు ఆనించుకోవడానికి ఏమీ లేదు. కత్తెర పట్టిన చెయ్యి ఎదుటివాడి చెవి ఎత్తులో పావుగంట నిలవాలి. నాకు రెండు నిమిషాలు నిలుస్తుంది. ఆ తర్వాత భుజంలో ఎవరో తాడు వదిలేసినట్టు చెయ్యి జారిపోతుంది. అప్పుడు కూర్చున్నాయన భుజం మీద మోచెయ్యి ఆనించుకుంటాను. "ఏంటి పెద్దాయనా, నా మీదే పడుకుంటావా?" అంటారు. నేనూ నవ్వుతాను. నవ్వు అనుకుంటాను గానీ అద్దంలో చూస్తే నా మొహంలో నవ్వేమీ కనిపించదు. బుగ్గలు కూడా పని మానేశాయి.

ఇది కండరాలు కరిగిపోయే జబ్బు. నెమ్మదిగా ముదురుతుంది, మందు లేదు, ఇంటి వరసలో వస్తుంది. ఆరేళ్ల కిందట డాక్టరు చెప్పినప్పుడు నేను కొత్తగా వింటున్నట్టు మొహం పెట్టాను. కొత్తేమీ కాదు. మా అన్నయ్యకి అదే జబ్బు. నాకు వచ్చిన సంగతి నా భార్యకి చెప్పాను. రెండో కుర్చీలో పనిచేసే మా రేడియోకి చెప్పకుండానే తెలిసింది. అతను నోరు విప్పడు కాబట్టే అతనికి ఆ పేరు పెట్టాం. అన్నయ్యకి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి నాకు మొహం లేదు. ఎందుకు లేదో చెప్తాను, వినండి.

మొన్నామధ్య ఒక వ్యాను డ్రైవరు కుర్చీలో కూర్చున్నాడు. నా చెయ్యి జారి దువ్వెన వెళ్లి అతని మెడకి గుచ్చుకుంది. అతను అద్దంలో నన్ను చూసి కన్ను గీటి, "రాత్రిది ఇంకా దిగలేదా పెద్దాయనా?" అన్నాడు. అక్కడున్న ముగ్గురూ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. నేను తాగుబోతుననుకున్నందుకు కాదు. ఆ ప్రశ్న మా సెలూన్లో నేను వినడం అది రెండోసారి. మొదటిసారి అడిగింది నా గురించి కాదు.

పద్దెనిమిదేళ్ల కిందటి సంగతి. అప్పుడు మొదటి కుర్చీ అన్నయ్యది. 'పెద్దాయన' అన్న పిలుపూ ఆయనదే. ఆ సెలూన్ పెట్టింది ఆయన, నా చేతికి కత్తెర ఇచ్చింది ఆయన. ఆయన నేర్పినవాటిలో మొదటి మాట, సగం గడ్డంతో మనిషిని లేపకూడదని. కరెంటు పోనీ, వాన రానీ, ఎదుటివాడు నీ శత్రువే కానీ, సబ్బు రాశాక రెండో బుగ్గ పూర్తయ్యేదాకా కత్తి కింద పెట్టకూడదు. సగం గడ్డంతో వీధిలోకి వెళ్లినవాడికి జరిగే అవమానం గీసినవాడిదే అనేవాడు.

నేను రెండో కుర్చీలో పదిహేనేళ్లు ఉన్నాను. నా కుర్చీ ఖాళీగా ఉండి, నేను చేతిలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నా సరే, వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుని "పెద్దాయన కోసం ఆగుతాం" అనేవారు. పదిహేనేళ్లు ఆ మాట విన్నాను. పైకి చెప్పుకోలేని మంట అది. నలభై ఏళ్లు వచ్చినా నేను 'తమ్ముడు'నే.

అలాంటి రోజుల్లో అన్నయ్య చెయ్యి జారడం మొదలైంది. ఆయన కూడా మోచెయ్యి ఆనించేవాడు. ఒకరోజు పోస్టాఫీసులో పనిచేసే ఆయనకి జుట్టు కత్తిరిస్తుంటే కత్తెర జారి చెవి కొస తెగింది. చిన్న గాయమే. పటిక అద్దితే ఆగిపోయింది. అన్నయ్య మాత్రం ఆ రోజు ఇంక కత్తెర ముట్టలేదు. మరుసటి నెల పోస్టాఫీసు ఆయన వచ్చేసరికి అన్నయ్య బ్లేడ్లు కొనడానికి బయటికి వెళ్లాడు. ఆయన నా కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించి అడిగాడు.

"మీ అన్నయ్య తాగుతున్నాడా?"

లేదండీ అంటే సరిపోయేది. మా అన్నయ్య ఒక్క చుక్క ముట్టి ఎరగడు. ఆ సంగతి నాకంటే తెలిసినవాడు ఈ లోకంలో లేడు. నేను కత్తెర ఆపాను. ఒక నిట్టూర్పు విడిచాను. ఆ నిట్టూర్పు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది కదండీ" అన్నాను.

అంతే. ఆయన తల ఊపి, అర్థమైందన్నట్టు అద్దంలో నన్ను జాలిగా చూశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాటకి వీధి దాటడానికి వారం పట్టలేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు "తమ్ముడు ఖాళీగానే ఉన్నాడుగా" అనడం మొదలుపెట్టారు. వదిన అన్నయ్య చొక్కాలు ఉతికే ముందు వాసన చూసేది. రెండు నెలలు తిరక్కుండానే అన్నయ్య తనంతట తనే తన కత్తెర నా చేతిలో పెట్టి, "కొన్నాళ్లు మొదటిది నువ్వు చూడరా" అన్నాడు. ఆ కొన్నాళ్లు పద్దెనిమిదేళ్లయ్యాయి.

దీనితో అయిపోయినా బాగుండేది. మా పక్క గదిలో ఇస్త్రీ చేసే ఆయన ఉండేవాడు. బట్టలో ఒక్క మడత వంకరగా ఉన్నా ఆయన ప్రాణం కొట్టుకునేది. అందుకే అందరికీ మడతాయన. అన్నయ్యా ఆయనా చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్లు. వరసకి ఏమీ కాకపోయినా అలా నాకూ బావ అయ్యాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఇటు వింటే మధ్యాహ్నానికి వీధి చివర చెప్పేవాడు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అన్నయ్య కాలు ఈడ్చుకుపోయి సెలూన్ మెట్టు మీద పడ్డాడు. చూసింది మడత బావ ఒక్కడే. లేపింది ఆయనే. వదంతి చెవిన పడగానే అన్నయ్య లెక్క అక్కడికే పోయింది.

"నేను పడటం చూసింది వాడే. చెప్పింది వాడు కాక ఇంకెవడురా?" అని నన్నే అడిగాడు.

నేను దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు తీస్తున్నాను. తేలు కుట్టిన దొంగలా తీస్తూనే ఉన్నాను. మొదటిసారి నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి నోరు మూసుకున్నాను, తెలిసే మూసుకున్నాను. ఆ రోజు నుంచి అన్నయ్య బావ మొహం చూడలేదు. బావ ఎన్నిసార్లు వచ్చి పిలిచినా తలుపు తియ్యలేదు. ఎందుకో చెప్పలేదు. నీ తప్పేమిటో నీకు తెలుసుగా అన్న పట్టుదల ఆయనది. అది తెలిస్తే కదా బావకి.

తర్వాత పది నెలలకి జబ్బు పేరు తెలిసింది. అప్పటికి అన్నయ్య వీధిలోకి రావడం మానేశాడు. వీధికి జబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. తాగి తాగి మంచాన పడ్డాడనే అనుకున్నారు. నేను కాదనలేదు.

ఇక ఇప్పటి సంగతి. పోయిన వారం మడత బావ గడ్డానికి వచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా వారం తప్పకుండా నా దగ్గరికే వస్తాడు, వచ్చిన ప్రతిసారీ "మీ అన్నయ్య ఎలా ఉన్నాడు?" అని అడుగుతాడు. ఆ రోజు గడ్డం అయ్యాక కుర్చీలోంచి లేవలేదు.

"కొట్టు మూసేస్తున్నా. అమ్మాయి వాళ్లింటికి వెళ్లిపోతున్నా. ఎల్లుండి ప్రయాణం" అన్నాడు.

"మళ్లీ ఎప్పుడు బావా?"

"ఈ మోకాళ్లతో మళ్లీ ఏం వస్తాన్లే. ఒక్క పని చేసిపెట్టు. మీ అన్నయ్యని అడుగు. ఒక్కసారి చూసి పోతాను. నేనేం తప్పు చేశానో చెప్తే క్షమించమని అడిగి పోతాను. తెలియకుండా చస్తే ఎలారా?"

"అడుగుతాలే" అన్నాను. మీకు దాచడమెందుకు, ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన వేరు. ఎల్లుండి దాకా ఏదో ఒకటి చెప్పి జరిపేస్తే చాలు, అన్నయ్యకి ఒంట్లో బాగాలేదనొచ్చు, లేదా రానివ్వనన్నాడనొచ్చు. బావ వెళ్లిపోతాడు. ఇద్దరూ ఎదురుపడితే ఐదు నిమిషాల్లో నా బండారం బయటపడుతుంది. ఎదురుపడకపోతే నాతోనే పోతుంది. యాభై ఎనిమిదేళ్లు వచ్చినవాడిని, ఇద్దరు ముసలివాళ్లు కలవకుండా ఎలా చూడాలా అని ఆ పూటంతా ఆలోచించాను.

మరునాడు సెలూన్‌కి సెలవు. సెలవు రోజున అన్నయ్యకి గడ్డం చెయ్యడం నా వంతు. వాళ్లుండేది సెలూన్ వెనక సందులో, ఐదు మెట్ల పైన రెండు గదులు. ఆ ఐదు మెట్లు ఎక్కడానికి నేను కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కుడికాలిని లాక్కుంటూ వెళ్తాను. వదిన చూస్తుందేమోనని పైకి చూసుకుంటూ ఎక్కుతాను. మామూలుగా అన్నయ్యని మంచం మీద దిండుకి ఆనించి వెనక్కి వాల్చి ఉంచుతుంది వదిన. అలా అయితే నా చేతులు కిందే ఉంటాయి, పని జరిగిపోతుంది. ఆ రోజు దుప్పట్లు ఉతకడానికి తీసిందట. ఆయన్ని చక్రాల కుర్చీలో కిటికీ పక్కన నిటారుగా కూర్చోబెట్టింది.

"ఇవాళ సింహాసనం మీద చెయ్యి మరిదీ" అని నవ్వుతూ వంటగదిలోకి వెళ్లింది.

అన్నయ్యకి అరవై ఏడు. చేతులు ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉంటాయి. బుగ్గలు జారిపోయాయి. ఎవరికైనా గడ్డం గీసేటప్పుడు "బుగ్గ పూరించండి" అంటాం, గాలితో పొంగిస్తే చర్మం సాగుతుంది, కత్తి సాఫీగా వెళ్తుంది. అన్నయ్య బుగ్గ పూరించలేడు. పెదాలు బిగవవు. నేనే వేలితో చర్మం లాగి పట్టుకోవాలి. అంటే ఒక చెయ్యి బుగ్గ మీద, ఒక చెయ్యి కత్తి మీద, రెండూ గాల్లో. సబ్బు రాశాను. కుడి బుగ్గ ఎలాగో పూర్తి చేశాను. ఎడమవైపు వచ్చేసరికి భుజం వదిలేసింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే నా మోచెయ్యి వెళ్లి ఆయన భుజం మీద ఆనింది.

అన్నయ్య కదల్లేదు. కళ్లు మాత్రం నా వైపు తిప్పాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ఏది?"

"మోచెయ్యి ఆనించావు. నాకు తెలియదా? ఆ పద్ధతి కనిపెట్టింది నేను. ఎప్పట్నుంచిరా?"

"ఆరేళ్లు" అన్నాను.

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు. నేనే తువ్వాలుతో అద్దాను.

"ఈ జబ్బు నాతో పోతుందనుకున్నానురా" అన్నాడు. "ఆరేళ్లు ఒక్కడివే మోశావా? నాకు చెప్పకూడదూ? మెట్లు ఎలా ఎక్కుతున్నావు? కత్తెర ఏ వేళ్లతో పడుతున్నావు? గడ్డం గీయడానికి వంగినప్పుడు మెడ నొప్పెడుతుందా?"

ఒక్కొక్కటీ అడిగాడు. నాకు ముందుముందు రాబోయేవన్నీ ఆయనకి తెలుసు కాబట్టి వరసగా అడిగాడు. నేను జవాబులు చెప్తున్నాను గానీ లోపల కుంగిపోతున్నాను. తిట్టినా బాగుండేది. ఆఖర్న గొంతు తగ్గించాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. చెయ్యి జారితే తాగాడంటారు. నన్ను అన్నారుగా. పక్కనే ఉన్నాడు ఆ మడతగాడు. వాడి కంట పడకు. వాడి ముందు మెట్టెక్కకు. ఒకసారి నా కొంప ముంచాడు, నీదీ ముంచుతాడు."

నన్ను కాపాడుతున్నాడు. ఎవరి నుంచి కాపాడుతున్నాడో చూడండి. ఇంక నావల్ల కాలేదు.

"బావ కాదు అన్నయ్యా" అన్నాను. "ఆ మాట పుట్టించింది బావ కాదు. నేను."

చెప్పాను. పోస్టాఫీసు ఆయన అడిగింది, నేను నిట్టూర్చింది, దువ్వెనలో వెంట్రుకలు తీస్తూ నోరు మూసుకున్నది, నిన్న బావ అడిగింది, నేను ఎలా దాటేద్దామనుకున్నది. చెప్తున్నంతసేపూ ఆయన ఎడమ బుగ్గ మీద సబ్బు ఎండిపోతూ ఉంది.

"సరిగ్గా ఏ మాటన్నావు?" అని అడిగాడు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నాను."

"అంతేనా?"

"అంతే."

"తాగుతాడని అన్నా బాగుండేది. అబద్ధమైతే ఎవడో ఒకడు వచ్చి నన్ను అడిగేవాడు. నువ్వు సామెత చెప్పావు. సామెతని ఎవడు అడుగుతాడు?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎందుకురా? మొదటి కుర్చీ కోసమా?"

"అవును."

"దానికి పొద్దుగూకులూ ఎదురెండ. అద్దంలోంచి కళ్లలో కొడుతుంది. నీ కళ్లు పాడవుతాయని నీకు రెండోది ఇచ్చాను."

అది నాకు తెలుసు. ఎండ సంగతి ఆ కుర్చీలోకి వెళ్లిన మొదటి రోజే తెలిసింది. ఆయన నా కోసం ఆ ఎండలో నిలబడ్డాడని మాత్రం తెలియదు. కత్తి మళ్లీ ఎత్తాను.

"ఆగు" అన్నాడు.

"సగంలో ఉంది అన్నయ్యా."

"తెలుసు. ఆ మాట నీకు నేర్పింది నేనే. కత్తి మడిచెయ్. వాణ్ణి తీసుకురా, ఇలాగే చూడనీ. మిగతా సగం రేపు. ఆ మాట ఎక్కడన్నావో అక్కడ, ఆ సెలూన్లో, నలుగురిలో చెప్పి అప్పుడు రా. చెప్పకపోతే రాకు."

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఒకప్పుడు వాసన చూసిన చొక్కాలు గుర్తొచ్చాయేమో, అన్నయ్య దగ్గరికి వెళ్లి ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ నిలబడింది.

నేను మెట్లు దిగి బావ కొట్టుకి వెళ్లాను. ఆఖరి బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆయన పెట్టె ఆపలేదు. చొక్కా కాలరు చేశాడు, చేతులు చేశాడు, గుండీల పట్టీ చేశాడు, మడత పెట్టి పక్కన ఉంచాడు. అప్పుడు పెట్టెని నిలబెట్టి నన్ను చూశాడు.

"వారం వారం నా పీక నీ చేతిలో ఉండేది కదరా" అన్నాడు. "కత్తి పీక మీద ఉంటే నేను మాట్లాడలేను కూడా. అప్పుడైనా చెప్పకపోయావా?"

ఆయన నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. డెబ్బై ఏళ్లవాడు, మోకాళ్లు పట్టేసినవాడు, సందులో నా ముందు ఎలా నడిచాడో. నేను కాలు ఈడ్చుకుంటూ మెట్ల దాకా వెళ్లేసరికి లోపల తలుపు తీసిన చప్పుడైంది. బావ గొంతు వినిపించింది. "ఇదేం అవతారం బావా, సగం గొరిగిన గొర్రెలా?" అన్నాడు. తర్వాత ఏడుపు వినిపించింది. ఇద్దరిలో ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. ఆ ఐదు మెట్లు నేను ఎక్కలేదు. ఎక్కలేక కాదు.

మర్నాడు పొద్దున బావ కొట్టు షట్టరు దించి ఉంది. నాకు చెప్పకుండా వెళ్లాడు, న్యాయమే.

సెలూన్లో బెంచీ మీద ముగ్గురున్నారు. రేడియో రెండో కుర్చీలో ఒకతనికి జుట్టు తడుపుతున్నాడు. మొదటి కుర్చీలో మందుల షాపు ఆయన. సగం కటింగ్ అయ్యాక నా చెయ్యి జారింది. మోచెయ్యి ఆనించాను. ఆయన భుజం కదిపాడు. ఇదే అదను అనుకుని కత్తెర కింద పెట్టాను. పద్దెనిమిదేళ్ల కిందట ఆ నిట్టూర్పు ఎంత తేలిగ్గా వచ్చిందో గుర్తొచ్చి ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది.

"నేను ఒక మాట చెప్పాలి" అన్నాను అందరికీ వినపడేలా. "మా అన్నయ్య తాగుబోతు కాదు. ఒక్క చుక్క ముట్టలేదు. తాగుతాడని పుట్టించింది నేను. ఆయనకి ఉన్నది జబ్బు. అదే జబ్బు నాకూ ఉంది. అందుకే ఈ పలకలు. అందుకే ఈ మోచెయ్యి."

రేడియో నీళ్ల సీసా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బెంచీ మీదవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందుల షాపు ఆయన అద్దంలో నన్ను చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎవరి గురించి పెద్దాయనా?"

"మా అన్నయ్య. ఈ కుర్చీ ఆయనదే. ఈ సెలూన్ పెట్టిందే ఆయన."

"మీకు అన్నయ్య ఉన్నారా?"

పద్దెనిమిదేళ్ల కిందటి ఆ మాట విన్నవాళ్లు ఎవరూ అక్కడ లేరు. పోస్టాఫీసు ఆయన పోయి పదేళ్లయింది. మిగతావాళ్లు ఇళ్లు మారారు, కొందరు పోయారు. నేను వేసిన మచ్చని చూసినవాళ్లే లేరు, ఇక తుడిచింది ఎవరికి చూపించను? నా మూలంగా ఆయన తాగుబోతు అయ్యాడు, తర్వాత తాగుబోతు కూడా కాకుండా పోయాడు. అసలు లేనివాడైపోయాడు.

"ఉన్నాడు" అన్నాను. "వెనక సందులోనే ఉంటాడు." కత్తెర తీసుకున్నాను. మందుల షాపు ఆయన సగంలో లేవలేక కూర్చున్నాడు. ఆయన అయ్యాక బెంచీ మీది మొదటి అతన్ని రమ్మన్నాను. అతను లేవబోయి, నా చేతులు చూసి, మళ్లీ కూర్చున్నాడు.

"పర్లేదండీ, ఆయన కోసం ఆగుతాను" అని రేడియో వైపు చూపించాడు.

సాయంత్రం మెట్లెక్కి వెళ్లాను. కమ్మీ పట్టుకుని, కాలు లాక్కుంటూ, పైకి చూడకుండా ఎక్కాను. అన్నయ్య అదే కుర్చీలో, అదే కిటికీ పక్కన ఉన్నాడు. కుడి బుగ్గ నున్నగా, ఎడమ బుగ్గ తెల్లగా మాసి ఉంది. వదిన నీళ్ల గిన్నె తెచ్చిపెట్టి వెళ్లింది.

"చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను."

"ఏమన్నారు?"

అబద్ధం ఆడదామనుకున్నాను. ఆయన కోసం ఒక్క చిన్న అబద్ధం. నోటిదాకా వచ్చింది.

"మీకు అన్నయ్య ఉన్నారా అని అడిగారు" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడి నుంచి బావ కొట్టు వెనక గోడ కనిపిస్తుంది. తర్వాత మొహం నా వైపు తిప్పి ఎడమ బుగ్గ ఇచ్చాడు. సబ్బు రాశాను. వేలితో చర్మం లాగి కత్తి పెట్టాను. నాలుగు గీతలు గీసేసరికి చెయ్యి కిందికి రావడం మొదలైంది. కత్తి తీసేసి, ఊరికే నిలబడ్డాను.

"ఆనించుకో" అన్నాడు.

మోచెయ్యి ఆయన భుజం మీద పెట్టాను. ఎముక తగిలింది. అక్కడ కండ లేదు.

"బరువుగా ఉందా?" అని అడిగాను.

"ఉంది" అన్నాడు.